సబ్‌వూఫర్‌కి తీగ ఎక్కడి నుంచి లాగాలి?

అట్టడుగు స్వరాలను మాత్రమే పలికించే పెట్టె, అంటే సబ్‌వూఫర్, తెచ్చి తగిలించిన మొదటి రాత్రి నా స్టీరియోలో బేస్ పెరగలేదు సరికదా, తగ్గింది. అప్పటివరకు ఆ చిన్న స్పీకర్లు తమ శక్తికి తగ్గట్టు బేస్ గిటారు కింది తీగను కాస్త పలుచగానైనా పలికించేవి. పెద్ద పెట్టె వచ్చి మూలన కూర్చున్నాక అవి మరింత పలుచబడ్డాయి. ఆ పెట్టె మాత్రం ఏదో మూలుగుతూ ఉండిపోయింది తప్ప లోతుకు దిగలేదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. స్పీకర్లను జరిపాను, పెట్టెను జరిపాను, నాబ్‌లన్నీ తిప్పి చూశాను, చివరికి కేబుల్‌ను అనుమానించి దాన్నీ మార్చాను. తప్పు వీటిలో దేనిలోనూ లేదు. ప్రీయాంప్ (పాటను ఎంచుకుని వాల్యూమ్ సర్దే పెట్టె) వెనుక రెండు జతల సాకెట్లు ఉన్నాయి కదా, ఒకటి పవర్ యాంప్‌కి (స్పీకర్లను నడిపే పెట్టెకి), రెండోది సబ్‌వూఫర్‌కి అని లెక్క వేసుకుని, సాకెట్‌లో ప్లగ్ పట్టింది కాబట్టి పని అయిపోయిందని నేను అనుకోవడంలో ఉంది.

ఆ రాత్రి తరువాత ఈ విషయం మీద చాలా చదివాను, చాలా తగిలించాను, తగిలించినవాటిలో కొన్ని ఊడదీశాను. ఇప్పుడు నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. ప్రీయాంప్, పవర్ యాంప్ విడివిడిగా ఉన్నవాళ్లు సబ్‌వూఫర్‌కి సంకేతాన్ని స్పీకర్ తీగల నుంచి కాక ఆ రెండు పెట్టెల మధ్య నుంచే తీసుకోవాలి. అంతటితో ఆగకుండా, అదే చోట, ప్రధాన స్పీకర్లకు వెళ్లే దారిలోంచి కింది మంద్రాన్ని తీసివేయాలి. ఈ రెండో పని చేయనివాళ్లకు మొదటి పని వల్ల దక్కేది చాలా కొద్ది. ఈ మాటతో విభేదించేవాళ్లు ఎక్కువమందే ఉన్నారు. వాళ్ల వాదనలో బలమున్న చోటును కూడా దాచకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

రెండూ ఒకే పెట్టెలో ఇమిడి ఉన్న ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్‌లో, వాల్యూమ్ నాబ్ దాటిన సంకేతం లోపలి నుంచి లోపలికే పోతుంది. దాన్ని మధ్యలో అందుకునే వీలు కల్పించాలా వద్దా అన్నది తయారీదారు దయ. విడి పెట్టెలవాళ్లకు ఆ దారి బయటే, కంటి ముందే, ఒక జత కేబుళ్ల రూపంలో ఉంటుంది. విడి పెట్టెల కోసం పెట్టే అదనపు ఖర్చుకూ అవి ఆక్రమించే అదనపు స్థలానికీ ఇంతకన్నా బలమైన సమర్థన నాకు కనిపించదు. అయినా చాలామంది ఆ కేబుల్ ఎంత ఖరీదైనదై ఉండాలని ఆలోచిస్తారు గానీ, దాని మధ్యలో ఏం పెట్టవచ్చునని ఆలోచించరు.

ముందుగా సాకెట్ల సంగతి. సబ్‌వూఫర్‌కి వెళ్లే సంకేతం వాల్యూమ్ నాబ్ దాటి వచ్చినదై ఉండాలి. టేప్ అవుట్ అనో రికార్డ్ అవుట్ అనో రాసి ఉండే సాకెట్లు వాల్యూమ్‌కి ముందే బయలుదేరతాయి. అక్కడ స్థాయి ఎప్పుడూ ఒకటే. వాల్యూమ్ దాటి వచ్చే సాకెట్లు, అంటే ప్రీ అవుట్‌లు, రెండో జత లేవన్న కారణంతో నా మిత్రుడొకరు వీటినే వాడుకున్నాడు. వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించి పాట ఆగిందనుకున్నప్పుడు కూడా సబ్‌వూఫర్ ఒక్కటే కచేరీ కొనసాగించింది. నిజానికి రెండో జత లేకపోయినా కంగారు అక్కర్లేదు. ఒక అవుట్‌పుట్‌ను వై కేబుల్‌తో రెండు ఇన్‌పుట్‌లకు పంచడం సబబైన పనే. చాలా ప్రీయాంప్‌లలో రెండు జతల సాకెట్లూ లోపల ఒకే చోట అతికి ఉంటాయి కాబట్టి, వై కేబుల్ బయట చేసే పనినే అవి లోపల చేస్తున్నాయి.

చేయకూడనిది దీనికి తలకిందులైన పని. ఎడమ, కుడి అవుట్‌పుట్‌లు రెండింటినీ వై కేబుల్‌తో ముడివేసి సబ్‌వూఫర్‌లోని ఒకే ఇన్‌పుట్‌లోకి దూర్చితే, ఒక చానెల్ అవుట్‌పుట్ రెండో చానెల్ అవుట్‌పుట్‌ను లోడుగా మోయవలసి వస్తుంది. శబ్దం చెడుతుంది. పైగా సాకెట్లు లోపల కలిసే ఉన్నాయి కనుక ఆ ముడి పవర్ యాంప్ వైపుకీ పాకి, ప్రధాన స్పీకర్లలోని స్టీరియో కూడా మోనోగా మారిపోతుంది. సబ్‌వూఫర్ వెనుక ఎడమ, కుడి అని రెండు ఇన్‌పుట్‌లు పెట్టింది ఇందుకే. రెండింటినీ కలిపే పనిని అది తన లోపల, తగిన రెసిస్టర్ల ద్వారా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా చేసుకుంటుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ (సంకేతాన్ని ఒకదానికొకటి ఎదురైన రెండు సగాలుగా పంపే మూడు పిన్నుల సాకెట్) అవుట్‌పుట్‌ను పవర్ యాంప్‌కీ, ఆర్‌సీఏ (మామూలు ఒంటి పిన్ను సాకెట్) అవుట్‌పుట్‌ను సబ్‌వూఫర్‌కీ వాడదలచినవాళ్లు ఒకసారి ప్రీయాంప్ మాన్యువల్ తిరగేయడం మంచిది. కొన్నింటిలో ఆర్‌సీఏ సాకెట్ ఎక్స్‌ఎల్‌ఆర్‌లోని ఒక సగం నుంచే బయలుదేరుతుంది కాబట్టి, సమతూకంగా ఉండవలసిన రెండు సగాల మీద బరువు అసమానంగా పడుతుంది.

ఇక నా మొదటి రాత్రి దగ్గరకు వస్తాను. నాది వాల్వు ప్రీయాంప్, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచేది. వాల్వు ప్రీయాంప్‌లలో ఎక్కువ వాటికి అవుట్‌పుట్ దారిలో ఒక కెపాసిటర్ ఉంటుంది. లోపలి అధిక డీసీ వోల్టేజీ బయటికి రాకుండా అడ్డుకోవడం దాని ఉద్యోగం. ఆ కెపాసిటర్, దాని ఎదుట ఉన్న పరికరపు ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సంకేతానికి అది చూపే నిరోధం) కలిసి ఒక హై పాస్ ఫిల్టర్‌గా మారతాయి. అంటే ఒక పౌనఃపున్యానికి దిగువన ఉన్న స్వరాలు క్రమంగా తగ్గిపోతాయి. ఎదుట ఉన్న ఇంపీడెన్స్ ఎంత తక్కువైతే ఆ హద్దు అంత పైకి జరుగుతుంది. నా ప్రీయాంప్‌లో ఆ కెపాసిటర్ 0.47 మైక్రోఫారడ్, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ సుమారు 1 కిలో ఓమ్. పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 47 కిలో ఓమ్‌లు. ఈ రెండే ఉన్నంతకాలం హద్దు 7 హెర్ట్జ్ దగ్గర ఉండేది. అంటే వినికిడికి సంబంధించినంతవరకు లేనట్టే.

సబ్‌వూఫర్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 10 కిలో ఓమ్‌లు. అది పవర్ యాంప్‌తో సమాంతరంగా చేరేసరికి రెండూ కలిసి 8 కిలో ఓమ్‌ల పైచిలుకు అయ్యాయి, 7 హెర్ట్జ్ దగ్గర ఉన్న హద్దు 37 హెర్ట్జ్‌కి ఎగబాకింది. ప్రధాన స్పీకర్లు 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 2 డెసిబెల్‌లు కోల్పోయాయి. ఏ లోతు కోసమైతే సబ్‌వూఫర్‌ను తెచ్చానో ఆ 30 హెర్ట్జ్ దగ్గర దానికి అందే సంకేతమే 4 డెసిబెల్‌లు తగ్గిపోయింది. వచ్చిన చుట్టం తన వంతు అన్నాన్నే కాక ఇంటివాళ్ల అన్నాన్ని కూడా నేలపాలు చేసినట్టు, ఒక్క ప్లగ్ ఇద్దరి మంద్రాన్నీ తినేసింది. ఈ రోగాన్ని పట్టించిన పరీక్ష చాలా చిన్నది. సబ్‌వూఫర్ స్విచ్ ఆర్పివేసినా స్పీకర్లలో బేస్ తిరిగి రాలేదు. పవర్ యాంప్ ఆపి, ప్రీయాంప్ వెనుక నుంచి ఆ ప్లగ్‌ను ఊడదీసి, మళ్లీ వింటే వచ్చింది. కరెంటు లేకపోయినా ఆ ఇన్‌పుట్ అక్కడ బరువుగా వేలాడుతూనే ఉంటుంది మరి.

కాబట్టి కేబుల్ కొనే ముందు చూడవలసినవి మూడు అంకెలు: ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్, పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, సబ్‌వూఫర్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్. చివరి రెండింటినీ సమాంతరంగా లెక్క కట్టి వచ్చిన విలువ మొదటిదానికి కనీసం 10 రెట్లు ఉండాలన్నది పాత నియమం. ట్రాన్సిస్టర్ ప్రీయాంప్‌లలో అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తరచుగా కొన్ని వందల ఓమ్‌లకు మించదు గనుక అవి ఈ పరీక్షను అవలీలగా దాటుతాయి. వాటి యజమానులు ఈ రెండు పేరాలనూ నవ్వుతూ దాటేయవచ్చు. ఇబ్బంది వాల్వు ప్రీయాంప్‌లతోనూ, లోపల యాంప్లిఫికేషన్ ఏదీ లేని పాసివ్ ప్రీయాంప్‌లతోనూ వస్తుంది. వీటితో కేబుల్ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. సబ్‌వూఫర్ గది అవతలి మూలన ఉందని 10 మీటర్ల కేబుల్ లాగితే, మీటరుకు 100 పికోఫారడ్‌ల చొప్పున 1000 పికోఫారడ్‌లు ప్రీయాంప్ మెడకు తగులుకుంటాయి. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 5 కిలో ఓమ్‌లు అయితే 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు ఒకటిన్నర డెసిబెల్ పోతుంది. పోయేది సబ్‌వూఫర్‌లో కాదు, దానికి ఆ స్వరాలతో పనే లేదు. ప్రధాన స్పీకర్ల పై కొస పోతుంది. మంద్రం కోసం లాగిన తీగ తారాన్ని మసకబార్చడం వింతగా ఉంటుంది గానీ, రెండు దారులూ ఒకే చోట పుడుతున్నాయని గుర్తుంటే వింత కాదు.

నా ప్రీయాంప్‌కి రెండు చికిత్సలు ఉన్నాయి. ఆ కెపాసిటర్ స్థానంలో 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టిస్తే హద్దు మళ్లీ 8 హెర్ట్జ్ దిగువకు పోతుంది. అయితే లోపల వందల వోల్టులు ఉంటాయి, ఆర్పిన తరువాత కూడా కొంతసేపు నిలుస్తాయి కాబట్టి అది తెలిసిన మెకానిక్ చేయవలసిన పని. లేదా సబ్‌వూఫర్ దారిలో అధిక ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న చిన్న బఫర్ (సంకేతాన్ని మార్చకుండా బరువును తన మీద వేసుకునే పరికరం) ఒకటి పెట్టాలి. నేను ఆ రెండూ చేయలేదు. కారణం కాసేపట్లో తెలుస్తుంది.

ఇక్కడే ఎదుటి పక్షం లేచి నిలబడుతుంది. ఈ బాధలన్నీ ఎందుకు, పవర్ యాంప్ స్పీకర్ టెర్మినళ్ల నుంచే సబ్‌వూఫర్‌కి తీగ లాగవచ్చు కదా అంటుంది. హై లెవెల్ ఇన్‌పుట్ అని పిలిచే ఈ పద్ధతికి మంచి చరిత్రే ఉంది; 1990లో వేల్స్‌లో మొదలైన సబ్‌వూఫర్ల తయారీ సంస్థ ఆర్‌ఈఎల్ తన పేరు ప్రతిష్ఠలను చాలావరకు దీని మీదనే కట్టుకుంది. ఆ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా ఎక్కువ గనుక పవర్ యాంప్ దాన్ని గుర్తించనైనా గుర్తించదు, ప్రీయాంప్ మీద అదనపు బరువు పడదు, రెండో ప్రీ అవుట్ వెతుక్కునే అవసరం ఉండదు. వాల్వు ప్రీయాంప్ ఉండి, దాన్ని విప్పించే ఉద్దేశం లేనివాళ్లకు ఇది నిజంగా గౌరవప్రదమైన దారి. ఇంతవరకు నాకు ఏ పేచీ లేదు.

పేచీ ఆ పద్ధతి కోసం చెప్పే రెండో కారణంతో వస్తుంది. పవర్ యాంప్ స్వభావం సబ్‌వూఫర్‌కి కూడా సంక్రమించి, రెండూ ఒకే గొంతుతో పలుకుతాయని అంటారు. సబ్‌వూఫర్‌లో దానిదైన యాంప్లిఫయర్ ఒకటి, దానిదైన ఫిల్టర్ ఒకటి ఉన్నాయి; 80 హెర్ట్జ్ దిగువన ఒక మంచి ట్రాన్సిస్టర్ పవర్ యాంప్ చేర్చే స్వభావం ఏమిటో, చేర్చినా ఇన్ని గుమ్మాలు దాటి అది ఎంత మిగులుతుందో నాకు అర్థం కాదు. వాల్వు పవర్ యాంప్ అయితే సంక్రమించేది ఒకటి నిజంగానే ఉంది. దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ కాబట్టి, స్పీకర్ ఇంపీడెన్స్ పెరిగే అనునాద పౌనఃపున్యం దగ్గర టెర్మినళ్ల మీద వోల్టేజీ కూడా కాస్త ఉబ్బుతుంది. హై లెవెల్ తీగ ఆ ఉబ్బును యథాతథంగా సబ్‌వూఫర్‌కి అందిస్తుంది. దాన్ని ఏకత్వం అనేవాళ్లు అనవచ్చు. నా దృష్టిలో అది ఒకరి వాతాన్ని ఇంకొకరికి అంటించడం.

ఇంకొక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఆ తీగలో సాధారణంగా మూడు కొసలు ఉంటాయి: ఎడమ ధనాగ్రానికి ఒకటి, కుడి ధనాగ్రానికి ఒకటి, నేలకు (గ్రౌండ్‌కు) ఒకటి. బ్రిడ్జి పద్ధతిలో పనిచేసే పవర్ యాంప్‌లలో, చాలా క్లాస్ డీ యాంప్‌లలో, స్పీకర్ రుణాగ్రం నేల కాదు. అక్కడ కూడా సంకేతం పారుతూ ఉంటుంది. మూడో కొసను అలవాటుగా అక్కడ బిగిస్తే యాంప్ దెబ్బతినవచ్చు. దాన్ని పవర్ యాంప్ లోహపు చట్రానికి కలపాలి, అదీ మాన్యువల్ ఒప్పుకుంటేనే.

అయితే హై లెవెల్ పద్ధతికి నేను దూరంగా ఉండటానికి అసలు కారణం ఇవేవీ కావు. ప్రధాన స్పీకర్ల నుంచి కింది మంద్రాన్ని తీసివేయాలంటే అది పవర్ యాంప్‌కి ముందే జరగాలి. అక్కడ తీసివేసిన మంద్రం స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఇక ఉండదు. ఉండనిదాన్ని సబ్‌వూఫర్ అక్కడి నుంచి ఎలా తీసుకుంటుంది? అంటే హై లెవెల్ తీగను ఎంచుకున్న క్షణానే ప్రధాన స్పీకర్లను పూర్తి మంద్రంతో నడపడానికి ఒప్పుకున్నట్టే. నా దృష్టిలో ఆ ఒప్పందం చాలా ఖరీదైనది.

ఎందుకంటే సబ్‌వూఫర్ వల్ల కలిగే పెద్ద మేలు అది చేర్చే స్వరాలలో లేదు, అది తప్పించే శ్రమలో ఉంది. ఒకే స్థాయిలో శబ్దం పుట్టించడానికి, పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ స్పీకర్ కోన్ 4 రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు ఊగే కోన్ అదే స్థాయి కోసం 40 దగ్గర 4 మిల్లీమీటర్లు, 20 దగ్గర 16 మిల్లీమీటర్లు ఊగాలి. చిన్న వూఫర్‌కి అంత చోటే లేదు. ఆ ఊగిసలాట మీదనే గాయని గొంతు, వయొలిన్ కింది తీగ కూడా స్వారీ చేస్తుంటాయి కాబట్టి బేస్ గిటారు గట్టిగా మోగినప్పుడల్లా గొంతు చెదురుతుంది. గిటారు అన్నిటికన్నా లావు తీగ 82 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. బేస్ గిటారు కింది తీగ 41 వద్ద, పియానో చిట్టచివరి మెట్టు 27.5 వద్ద. అంటే 80 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తే సంగీతంలో చాలా భాగం గీతకు పైన సుఖంగా ఉంటుంది, కోన్‌ను కుదిపేసే బరువంతా గీతకు కిందికి పోతుంది. రంధ్రమున్న స్పీకర్లలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఆ రంధ్రం శ్రుతి చేసిన పౌనఃపున్యానికి దిగువన గాలి కోన్‌కి ఆసరా ఇవ్వదు. శబ్దం ఏమీ రాకపోయినా కోన్ మాత్రం తెరచాపలా కొట్టుకుంటుంది.

నా గదిలో దీన్ని తొలిసారి చేసి చూసినప్పుడు మారింది బేస్ కాదు, మనిషి గొంతు. అంతవరకు స్పీకర్ల లోపం అనుకున్న ఒక రకమైన గరగర వాటి లోపం కాదని, మోయలేని బరువు మోస్తూ అవి తీసిన ఆయాసమని అప్పుడు తెలిసింది. పవర్ యాంప్‌కి కూడా ఇదే ఊరట.

శుద్ధవాదులు ఇక్కడ ముఖం చిట్లిస్తారు. ప్రధాన సంకేతం దారిలో అదనంగా ఏ భాగం పెట్టినా అపచారమేనంటారు. ఆ సంకేతం చివరికి చేరే స్పీకర్ పెట్టెను ఒకసారి విప్పి చూడమని వాళ్లకు నా మనవి. అక్కడ పిడికెడంత ఇండక్టర్లు, బొటనవేలంత కెపాసిటర్లు వరుసగా కూర్చుని ఉంటాయి. వాటి ముందు నేను చేర్చమంటున్న భాగం చీమంత. అత్యంత సరళమైన పద్ధతిలో అది నిజంగానే ఒకే ఒక్క కెపాసిటర్. పవర్ యాంప్ ఇన్‌పుట్‌కి వరుసగా 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెడితే, 47 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ ఇంపీడెన్స్‌తో కలిసి అది 72 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ అవుతుంది. ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లే అయితే 0.22 మైక్రోఫారడ్ అదే పని చేస్తుంది. నన్ను బాధించిన సూత్రమే ఇది, ఈసారి మన చెప్పుచేతల్లో. వాలు మాత్రం నెమ్మది, ఆక్టేవ్‌కి, అంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ, 6 డెసిబెల్‌లే. అయినా కోన్ ఊగిసలాట కంటికి కనిపించేంతగా తగ్గుతుంది.

అంతకన్నా పద్ధతిగా చేయాలంటే ప్రీయాంప్ తరువాత ఒక యాక్టివ్ క్రాసోవర్, అంటే సంకేతాన్ని కింది, పై స్వరాలుగా చీల్చే కరెంటు పెట్టె, పెట్టాలి. లింక్‌విట్జ్ రైలీ అని మనం పిలిచే విభజన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో ప్రచురించిన పత్రంతో వెలుగులోకి వచ్చింది. అందులో ఆయన సహోద్యోగి రస్ రైలీ పాలు కూడా ఉంది. విభజన పౌనఃపున్యం దగ్గర రెండు పక్కలూ చెరి 6 డెసిబెల్‌లు తగ్గి ఉండి, ఒకే దశలో (అలల ఎగుడుదిగుడులు ఒకేసారి వచ్చేలా) కలిసి సరిగ్గా పూర్తి స్థాయికి చేరడం దాని అందం. ఇక్కడొక చక్కని లెక్క ఉంది. మూసిన పెట్టెలోని స్పీకర్ తన సహజ హద్దుకు దిగువన ఆక్టేవ్‌కి 12 డెసిబెల్‌ల చొప్పున తనంతట తానే తగ్గుతుంది. ఆ హద్దు 80 హెర్ట్జ్ దగ్గర ఉన్న స్పీకర్‌కి మరో 12 డెసిబెల్‌ల ఫిల్టర్ జోడిస్తే రెండూ కలిసి 24 అవుతాయి, సబ్‌వూఫర్ వైపు 24 డెసిబెల్‌ల ఫిల్టర్‌తో అతుకు కుదురుతుంది. హోమ్ థియేటర్ల కోసం, సినిమా ధ్వనికి ప్రమాణాలు నిర్ణయించే సంస్థ టీహెచ్‌ఎక్స్ 80 హెర్ట్జ్ దగ్గర ఈ అమరికనే ప్రమాణంగా పెట్టింది. సినిమా కోసం పుట్టింది కదా అని స్టీరియోవాళ్లు దాన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. లెక్కకు సినిమా, సంగీతం అన్న తేడా లేదు.

సినిమా నుంచి అరువు తెచ్చుకోకూడనిది ఒకటుంది, సబ్‌వూఫర్ వెనుక ఎల్‌ఎఫ్ఈ (సినిమా ధ్వనిలో మంద్రానికే కేటాయించిన చానెల్) అని రాసిన ఇన్‌పుట్. 5.1 ధ్వనిలోని ఆ చివరి చానెల్ 120 హెర్ట్జ్ దాటదు, విభజన పనంతా హోమ్ థియేటర్ రిసీవర్ ముందే చేసి పెడుతుంది కాబట్టి ఈ ఇన్‌పుట్ సబ్‌వూఫర్‌లోని ఫిల్టర్‌ను తప్పించి నేరుగా పోతుంది. స్టీరియో ప్రీయాంప్ ఏ విభజనా చేయదు. దాన్ని ఇక్కడ తగిలిస్తే గాయకుడు మూలన ఉన్న పెట్టెలోంచి కూడా గొణుగుతాడు. బయట క్రాసోవర్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఇదే సరైన ఇన్‌పుట్. లేకపోతే ఒకే స్వరానికి రెండుసార్లు ఫిల్టర్ పడుతుంది.

తీగలన్నీ సరిగ్గా ఉన్నా దశ కుదరకపోతే అంతా వృథా. 80 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 4.3 మీటర్లు, అందులో సగం 2.15. సబ్‌వూఫర్ స్పీకర్లకన్నా అంత దూరంలో ఉంటే అతుకు దగ్గర రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. లోపల డిజిటల్ ప్రాసెసింగ్ ఉన్న సబ్‌వూఫర్లు సంకేతాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాయి. శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, 5 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే పెట్టెను మరో 1.7 మీటర్లు వెనక్కి నెట్టినట్టే. దశ నాబ్‌ను తిప్పుతూ చాలామంది చెవితో ఎక్కువ బేస్ కోసం వెతుకుతారు. నాకు కుదిరిన పద్ధతి దీనికి వ్యతిరేకమైనది: విభజన పౌనఃపున్యం దగ్గర ఒక స్వరాన్ని నిలకడగా మోగించి, సబ్‌వూఫర్ పొలారిటీని (ధన, రుణాలను) కావాలని తిరగేసి, కూర్చునే చోట ఆ స్వరం వీలైనంత సన్నగిల్లేవరకు దశ నాబ్ తిప్పాలి. ఆ తరువాత పొలారిటీని యథాస్థానానికి తేవాలి. చెవికి శిఖరం కన్నా గొయ్యి స్పష్టంగా తెలుస్తుంది.

విడి ప్రీయాంప్‌వాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన ఉచ్చు ఒకటి ఉంది. కొన్ని ప్రీయాంప్‌లు, ముఖ్యంగా ఒకే వాల్వు అంచె ఉన్నవి, సంకేతాన్ని తలకిందులు చేసి పంపుతాయి. దాన్ని సరిచేయడానికి స్పీకర్ తీగల ధన, రుణాగ్రాలను మార్చి తగిలించమని మాన్యువల్ సలహా ఇస్తుంది. ఆ సలహా పాటించి, సబ్‌వూఫర్‌ను ప్రీయాంప్ నుంచి తీసుకున్నవాడికి స్పీకర్లు ఒక వైపు, సబ్‌వూఫర్ ఇంకో వైపు ఊగుతాయి. పవర్ యాంప్ తలకిందులు చేసేదైనా ఫలితం ఇదే. 180 డిగ్రీల స్విచ్ ఒక్కసారి నొక్కితే తీరిపోయే బాధ ఇది. కారణం తెలియక నెలల తరబడి పెట్టెను గదంతా తిప్పినవాళ్లను ఎరుగుదును.

గది గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అది తీగకు సంబంధించినది కాదు. 5 మీటర్ల పొడవున్న గది 34 హెర్ట్జ్ దగ్గర సొంతంగా మోగుతుంది. ఏ కేబులూ దాన్ని ఆపలేదు. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే కుర్చీలో పెట్టి, గోడల వెంబడి వంగి పాకుతూ బేస్ సమంగా వినిపించే చోటును వెతికి, పెట్టెను అక్కడికి మార్చడం చూసేవాళ్లకు నవ్వు తెప్పించినా పనిచేస్తుంది. 2002లో టాడ్ వెల్టీ చేసిన పరిశోధన ఎదురెదురు గోడల మధ్యన ఉంచిన రెండు సబ్‌వూఫర్లు గదిలో చాలా చోట్ల బేస్‌ను సమం చేస్తాయని చూపించింది. రెండోదాన్ని కొనేవాళ్లు ఇంపీడెన్స్ లెక్కను మళ్లీ మొదటి నుంచి కట్టాలని మరచిపోకూడదు.

హమ్ విషయం కూడా ఇంతే. సబ్‌వూఫర్ దూరంగా, వేరే ప్లగ్ పాయింట్ నుంచి కరెంటు తీసుకుంటే రెండు ఎర్తుల మధ్య వలయం ఏర్పడి, 50 లేదా 60 హెర్ట్జ్ మోత చెవిలో జోరీగలా నిలుస్తుంది. ఆ మోతను అన్నిటికన్నా బాగా పలికించగల పరికరానికే దాన్ని తినిపిస్తున్నాం మరి. అన్ని పరికరాలకూ ఒకే చోటు నుంచి కరెంటు ఇవ్వడం, వీలైతే ఎక్స్‌ఎల్‌ఆర్ వాడటం, లేదా సంకేతపు దారిలో మంచి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం దీనికి మందులు. నాసిరకం ట్రాన్స్‌ఫార్మర్ కింది మంద్రాన్నే మింగుతుందని గుర్తుంచుకోవాలి. ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును తీసివేయమని ఎవరైనా చెబితే వినవద్దు. హమ్ పోతుంది గానీ ప్రాణానికి ఉన్న రక్షణ కూడా దానితోనే పోతుంది. వెలిగించే వరుసలో సబ్‌వూఫర్‌ను కూడా పవర్ యాంప్‌గానే లెక్కించాలి. ప్రీయాంప్ వేడెక్కి కుదుటపడిన తరువాతే దాన్ని వెలిగించాలి, ఆర్పేటప్పుడు ముందే ఆర్పాలి. లేకపోతే వాల్వు ప్రీయాంప్ తొలి తుమ్ము నేరుగా దాని కోన్ మీద పడుతుంది.

పెద్ద పెట్టెలలో 25 హెర్ట్జ్ వరకు సునాయాసంగా దిగే స్పీకర్లు ఉన్నవాళ్లకు నా వాదన వర్తించదని ఒప్పుకుంటాను. వాళ్లకు కావలసింది అట్టడుగున కొద్దిపాటి ఆసరా మాత్రమే, హై లెవెల్ తీగ అందుకు చాలు. చిన్న, మధ్యరకం స్పీకర్లతో సంగీతం వినే మిగతా అందరికీ ఆ పద్ధతి సగం పనే చేస్తుంది.

నేను చివరికి పెట్టుకున్నది యాక్టివ్ క్రాసోవర్. దాని ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 47 కిలో ఓమ్‌లు. ప్రీయాంప్‌కి ఇప్పుడు కనిపించేది అదొక్కటే, కాబట్టి కెపాసిటర్ మార్పించవలసిన పని తప్పింది, హద్దు తిరిగి 7 హెర్ట్జ్‌కి దిగింది. పవర్ యాంప్‌కీ సబ్‌వూఫర్‌కీ దారులు క్రాసోవర్ తరువాతే చీలుతున్నాయి. మొదటి వారం సబ్‌వూఫర్ వాల్యూమ్ నాబ్ నిట్టనిలువుగా ఉండేది. తరువాత ప్రతి రెండు మూడు రోజులకూ కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చి, ఇప్పుడు గడియారంలో తొమ్మిది దగ్గర ఆగాను. మొదటి రాత్రి అంత నమ్మకంగా ప్లగ్ దూర్చిన ఆ రెండో జత ప్రీ అవుట్ సాకెట్లకు దుమ్ము పట్టకుండా ప్లాస్టిక్ మూతలు బిగించాను.